రద్దు చేసిన గొంతు

"యాల అబద్ధాలు సెప్తాండారు? మేం వద్దనకుండానే ఆర్డరు ఎట్లా రద్దయింది?"

పుంగనూరు నుంచి బాడుగకు కుప్పం వచ్చిన బర్నబాస్, వ్యాను పక్కకు ఆపి ఫోన్లో అరిచాడు.

ఆ ఆర్డరు అతని భార్య సుహాసిని గుండె మాత్రలది. ఒక్క పూట కూడా మానకూడదన్నాడు డాక్టరు. షాపుల్లో దొరకవు, నెలనెలా మందుల కంపెనీ యాప్ నుంచే రావాలి. రెండు నెలలుగా రాలేదు. "పాతవి ఇంకా ఉండాయి, గొడవ పెట్టుకోవద్దు" అని పొద్దున కూడా సుహాసిని నవ్వుతూ సాగనంపింది.

"మీ ఇంటి నుంచే వద్దన్నారు సార్. రెండు నెలల కిందటి కాల్ రికార్డింగ్ ఉంది" అంది కంపెనీ అమ్మాయి.

"ఉంటే వినిపించు!"

సుహాసిని గొంతు వినబడింది. "రేటు రెండింతలు చేసినారు కదమ్మా. తెలిస్తే ఆయన వ్యాను అమ్మేస్తాడు. ఆర్డరు తీసేయ్. ఆయనకు సెప్పొద్దు."

"మీ దగ్గర మాత్రలున్నాయా అమ్మా?" రికార్డింగ్‌లోనే కంపెనీ వాళ్ల గొంతు అడిగింది.

"ఈ పొద్దుతో అయిపోయినాయి."

బర్నబాస్ వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు. అది చివరిదాకా మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు.