అదనపు రెండు నిమిషాలు

కీచుమని మైకు అరిచింది. సభికులు చెవులు మూసుకున్న చేతులు దించేలోగా అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు.

“స్త్రీపురుష సమానత్వం వచ్చేసిందా, లేదా? వచ్చేసిందని వాదించేది మన కళాశాల తత్వశాస్త్ర ఆచార్యులు!” అంటూ ముందు రెండు బిరుదులు, వెనక మూడు పట్టాలు తగిలించి ఆయన పేరు పలికారు.

పక్క కుర్చీలో ఆయన భార్య సర్దిన కాగితాలే మళ్లీ మళ్లీ సర్దుకుంటోంది. ఆమె కూడా ఆ శాఖలోనే పాఠాలు చెబుతుంది. వేదిక ఎక్కడం మాత్రం ఇదే మొదలు. తడబడితే మళ్లీ పిలవరు.

“భయపడకోయ్,” అన్నాడు భర్త లేస్తూ. “మరీ గట్టిగా ఓడించనులే.”

సమానత్వం ఇంటింటా కాపురం పెట్టేసిందని ఆయన అనర్గళంగా నిరూపించి వచ్చి కూర్చున్నాడు.

“ఇక, రాలేదని వాదించేది,” అధ్యక్షులవారు చిరునవ్వు చిందించారు, “వారి శ్రీమతిగారే! ఆడపడుచువి కదమ్మా, నీకు రెండు నిమిషాలు అదనంగా ఇస్తున్నా. కంగారుపడకుండా మాట్లాడు తల్లీ.”

సభ మురిసిపోయింది. అందరికంటే గట్టిగా భర్త చప్పట్లు కొట్టాడు.

ఆమె లేచింది. కాగితాలు కుర్చీలోనే వదిలేసి మైకు దగ్గరికి నడిచింది.

“అదనపు సమయం అక్కర్లేదండీ. నా వాదనంతా మీరే నాకంటే బాగా చెప్పేశారు.”

పొగడ్త అనుకుని అధ్యక్షులవారు తలూపారు. భర్త చేతులు మాత్రం చప్పట్ల మధ్యలో ఆగిపోయాయి.

“మీరు మరిచిపోయింది నా పేరొక్కటే. అది చెప్పి కూర్చుంటాను.”

మైకును తన ఎత్తుకు దించుకుని, ఆమె తాపీగా పలికింది.

“వకుళ.”