స్విచ్‌కి కట్టిన పేరు

ప్రసూన టీ తాగొచ్చేసరికి, పడకా పొయ్యీ అమర్చుకున్న ఆమె వ్యాన్లో, ఆపి ఉన్న బ్యాటరీ స్విచ్‌కి తండ్రి పనిచేసిన ప్లాంటులో కరెంటు ఆపినచోట కట్టే ఎర్ర ట్యాగు వేలాడుతోంది. ఆమెకి ఒళ్లు మండింది.

"నాన్నా! నా బండికి షట్‌డౌన్ ట్యాగు కట్టడానికి నువ్వెవరు?"

స్టీలు ప్లాంటులో ఎలక్ట్రీషియన్‌గా రిటైరైన పరబ్రహ్మం క్వార్టరు గుమ్మంలోంచి కదల్లేదు. "కడతాను. ఏటి చేస్తావు?"

"సోలారు పలకలు బిగించాక, వైర్లు సగం లాగాక, ఇప్పుడా ఆపడం? నేనీ బండిలో ఊళ్లు తిరగడానికెళ్లడం ఇష్టం లేదని సీదాగా చెప్పు!"

"ఇష్టం లేదు. ఆడకూతురివి, ఒక్కర్తివీ బండిలో తొంగోడమేటి? సిగ్గుండాల."

"బస్, ఇంక చాలు! విప్పేస్తున్నా."

"చదివి విప్పు. ట్యాగు మీద పేరున్నోళ్లే దాన్ని తియ్యాల. చిన్నప్పట్నుంచీ వింటున్నావు కదా."

ప్రసూన ట్యాగును విసురుగా తిప్పింది. 'మనుషులు పనిలో ఉన్నారు' అన్న హిందీ అక్షరాల కింద, మాసిపోయిన తండ్రి పేరు కొట్టేసి ఉంది. పక్కనే కొత్త సిరాతో ఆమె పేరు.

"నువ్వు వైర్లు పట్టుకునున్నప్పుడు ఎవడైనా స్విచ్ వేస్తే?" పరబ్రహ్మం కసిరాడు. "పనయ్యాక నువ్వే తీసుకో. అందాకా నేనైనా ముట్టకూడదు."

తలుపు ధడాలున వేసుకున్నాడు.