బెనీతో తొలి వంతు

సంత మరుగుదొడ్డిలో గోడకు చెయ్యి ఆనించి, ఎండుచేపలమ్మే బెనీతో అనేవాడు పళ్లు బిగించాడు. ఒక్కో చుక్కా నిప్పులా దిగుతోంది.

పక్కన నిలబడ్డ ముసలివాడు గొంతు తగ్గించాడు.

"ముందు తోలు బిగుసుకుందా బాబూ? బలవంతంగా లాగకు, చీలి ఇంకా బిగుస్తుంది. ఆరోగ్య కేంద్రంలో పూతమందు ఇస్తారు. కొన్ని వారాలు రాస్తే చాలామందికి వదులవుతుంది. ఈ వయసులో బిగిసిందంటే ఒంట్లో షుగర్ కూడా చూపించుకో."

బెనీతో గబగబా బట్టలు సర్దుకున్నాడు.

ఆ దీవిలో సున్తీ కోత పడని మగాణ్ని 'సుపోత్' అంటారు. ఆ పేరు పడ్డవాడు సంతలో మళ్లీ తలెత్తలేడు.

పదేళ్లప్పుడు, వేసవిలో, నది ఒడ్డున తొలి వంతు బెనీతోదే. మిగతా పిల్లలు రాకముందే కత్తి చూసి, కోసేవాడి మొహమైనా చూడకుండా వెదురు పొదల్లోకి పరుగెత్తాడు. సాయంత్రం భయపడుతూ ఇల్లు చేరితే ఒక్కడూ వెక్కిరించలేదు. కోయించుకున్న పిల్లలకు పుండుకు బట్ట ఒరుసుకోకుండా ఇచ్చినట్టే, తొడుక్కోమని అమ్మ తన పాత పావడా ఇచ్చింది. ఎందుకో అతనికి అర్థం కాలేదు. అదృష్టమనుకుని నోరు మూసుకున్నాడు.

అప్పటినుంచీ ఎదుటివాణ్ని అందరికంటే ముందు సుపోత్ అనేది అతనే. అరిచేవాణ్ని ఎవరూ అనుమానించరని అతని లెక్క.

ఇప్పుడూ అదే చేశాడు. ముసలివాణ్ని మెడ పట్టి బయటికి గెంటాడు.

"ఈ ముసలి సుపోత్ మరుగుదొడ్లో తొంగి చూస్తున్నాడు."

సంతంతా నవ్వింది. చేపలమ్మే ఆవిడ నీచు నీళ్లు ముసలివాడి మీద కుమ్మరించింది.

"కత్తికి భయపడి పారిపోయావా తాతా?"

ముసలివాడు బెనీతో వైపు చూశాడు. ఏదో అనబోయి ఆగాడు. చొక్కా పిండుకుంటూ పడవల రేవుకు నడిచాడు.

రెండు నెలలు లాగి, చీలికలు పడి, నడవలేక బెనీతో పక్క ఊరి ఆరోగ్య కేంద్రానికి వెళ్లాడు. పేరు చెప్పగానే నర్సు అతన్ని లోపలి గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది. షుగర్ చూసింది, బాగా ఎక్కువుంది. పూతమందు చేతిలో పెట్టి, ముసలివాడు చెప్పిన మాటలే చెప్పింది.

"మీరొస్తారని మా నాన్న చెప్పాడు. నలుగురిలో ఏమీ అడగొద్దన్నాడు."

బెనీతో తల దించుకున్నాడు. పెద్దలకు దండం పెట్టే ఆ దీవి పద్ధతిలో ఆయన చెయ్యి ఒక్కసారి నుదుటికి ఆనించుకోవాలి, ఇంట్లో ఉన్నారా అని అడిగాడు.

"పోయిన వారమే పాతిపెట్టాం."

బెనీతో పూతమందు జేబులో పెట్టుకున్నాడు.

"నా సంగతి ఆయనకెలా తెలుసు?"

"మా నాన్న నది దగ్గర కోతలు కోసేవాడు," అంది నర్సు. "బతుకు మొత్తంలో ఒక్కటే అబద్ధం ఆడాడట. పొదల్లోకి పారిపోయిన పిల్లాడికి అందరికంటే ముందే కోసి పంపేశానని ఊరందరికీ చెప్పాడట."