అంచు మడిచే రేకు

కుట్టుమిషన్‌కు తగిలించే, బట్ట అంచు మడిచే రేకు మీద పేటెంటు చేతికి రాగానే, తమ్ముడు నకిలీలు అమ్మే కొట్లన్నిటికీ లాయరు నోటీసులు పంపించాడు.

“ఇంకొకరి తెలివి అమ్ముకుని బతకడానికి సిగ్గుండాలి,” అని ఫ్యాక్టరీలో అందరిముందూ మండిపడ్డాడు.

సాయంత్రం అక్క తన టైలరింగ్ షాపు నుంచి నేరుగా వచ్చింది. మెడలో టేపు అలాగే ఉంది. తన మిషన్‌కున్న రేకును విప్పి తెచ్చి బల్ల మీద పెట్టింది.

“ఇది నీ దగ్గర కొన్నది కాదు కదరా. రేపెవరైనా వేలెత్తి చూపిస్తే నీకే మాటొస్తుంది. ఉంచుకో.”

“మరి నువ్వెలా కుడతావక్కా?”

“చేత్తో మడుస్తాలే.”

ఆమె వెళ్లాక తమ్ముడు దాన్ని ముట్టుకోలేకపోయాడు. తన పాత సైకిల్ మడ్‌గార్డు కత్తిరించి అక్క చేసిన మొట్టమొదటి రేకు అది. పేటెంటుకు బొమ్మ గీయించడానికి ఒక పూట అక్కనడిగి తీసుకెళ్లి, జాగ్రత్తగా తిరిగిచ్చింది తనే.