తారాబాయి వచ్చే రోజు

బాలలక్ష్మి తడి తునికాకు మీద కొలత రేకు పెట్టి కత్తిరిస్తోంది. కత్తిరించిన ఆకును ఆమె అత్త శంకరవ్వ అందుకుని, చాటలోని తంబాకు చిటికెడు పోసి బీడీ చుడుతోంది. మాట్లాడుతున్నది గోడకానుకుని కూర్చున్న బుచ్చవ్వ ఒక్కతే.

బుచ్చవ్వ శంకరవ్వకు ఆడబిడ్డ; శంకరవ్వ భర్త, చనిపోయిన లక్ష్మీరాజానికి అక్క. సుల్తానాబాద్ నుంచి ఆమె చుట్టపుచూపుగా రాలేదు.

"మా వాడకట్టామె కండ్లార చూసిందట. అత్తాకోడండ్లు కరీంనగర్ దవాఖానల గా గది ముందట కూసున్నరట. గా గదికి ఎసొంటోళ్లు పోతరో అందరికి ఎరుకే. ఏం శంకరీ, అబద్ధమా?"

"నిజమే వదినె. ఒక్కల్లను ఎట్ల పంపుతం?"

"అయితే ఎయిడ్సే అన్నట్టు."

శంకరవ్వ బీడీ మూతి మడిచి దారం చుట్టింది. కాదనలేదు.

"నా తమ్ముడు భీవండి నుంచి క్షయ తెచ్చుకొని పోయిండు. గీ ఇంటికి అంతకంటె పాడుపేరు ఎన్నడు రాలే." బుచ్చవ్వ కోడలి వైపు తిరిగింది. "మా సదానందం గదే భీవండిల మగ్గాల కాడ నిలవడి కాళ్లు వాపులు తెచ్చుకుంటుండు. మొగడు అక్కడ అట్లుంటె నువ్వు ఈడ గీ రోగం మోస్తున్నవా? వానికి కూడ అంటిచ్చినవా, ఇంక లేదా?"

బాలలక్ష్మి చేతిలో కత్తెర ఆగింది. ఒకసారి అత్త ముఖంలోకి చూసింది. మళ్లీ ఇంకో ఆకు తీసుకుంది.

"నోట్లె మాట లేదు సూడు! ఏం లేకుంటె లేదని అనరాదా?"

"ఏమనాలె పెద్దత్తా? మీరు అనుకునేది అనుకోనే వచ్చిన్రు."

"నోరున్నదే! గా నోరు మీ బాపు ముందట తెరువు. కబురు పంపిన, వస్తుండు. బట్టలు సదురుకో. సదానందానికి వేరే పిల్లను చూస్త. నాకేం తక్కువ సంబంధాలా?"

"అత్తమ్మ పొమ్మంటె పోత."

శంకరవ్వ చుడుతున్న బీడీ విప్పుకుపోయి తంబాకు ఒళ్లో రాలింది. దాన్ని ఏరి మళ్లీ చుట్టసాగింది.

"మీ అత్త మెత్తటి మనిషి. అనలేక ఊకున్నది. ఊకున్నదంటె పొమ్మన్నట్టే, లే!"

బాలలక్ష్మి ఆకుల మీద తడిబట్ట కప్పి లోపలికి వెళ్లింది. ఉన్న నాలుగు చీరలు మూట కట్టుకుని వచ్చింది. అత్త పక్కన ఒక్క క్షణం వంగింది.

"పొయ్యి మీద జావ ఉన్నది అత్తమ్మా. చల్లారకముందే తాగుండ్రి. ఉపాసం ఉండకుండ్రి."

"ఇంక గీ ప్రేమలొకటి!" అంది బుచ్చవ్వ.

అప్పుడే తడక దగ్గర నుంచి వినిపించింది. "అవ్వా, జర మంచినీళ్లిస్తరా?"

నర్సు తారాబాయి. పరీక్షల రోజున ఆమె అలాగే వస్తుంది. పేరు పెట్టి ఎవరినీ పిలవదు. మంచినీళ్లడిగి తాగి బస్టాపు వైపు నడుస్తుంది. ఆమె ఎవరి కోసం వచ్చిందో ఆ మనిషి కాస్త ఆగి వెనక వస్తుంది. ఇరుగుపొరుగుకు ఏమీ తెలియకూడదని ఆమె పెట్టుకున్న పద్ధతి అది.

బుచ్చవ్వ తడకకు అడ్డంగా నిలబడింది. "సిస్టరమ్మవు నువ్వేనా? మా ఇంట్ల ఎవలి కోసం వచ్చినవు?"

"పేరు నా నోట రాదవ్వా."

"వద్దులే, మాకెరుకైంది. ఉన్న రోగం ఉండనే ఉన్నది. మాటిమాటికి మళ్లా గీ పరీక్షలేంది?"

తారాబాయి విసుక్కోలేదు. "గా రోగమున్నోళ్లకు సవాయి, సెగ అసొంటి సుకరోగాలు గుడ లోపల దాగుంటయి. నొప్పుండది, పుండుండది. మనిషి బాగనే కనవడ్తది. పరీక్ష చేస్తెనే బయటవడ్తయి. వడ్డయంటె మందుకు పోతయి. చూడకుంటె ఉన్న రోగానికి అవి తోడైతయి. అందుకే బాగున్నోళ్లను గుడ వరుస తప్పకుండ చూస్తం. ఇందుల ఫికర్ లేదు, సిగ్గు లేదు."

"మీకు లేదేమో, మాకున్నది. మా శంకరిని మాత్రం మళ్లా గా గది ముందట కూసోవెట్టకు. పిల్లకు తోడని పోతె దీని ఇజ్జత్ గుడ పోయింది."

"ఇయ్యాల తోడు ఎవలు రావద్దవ్వా. డాక్టరమ్మ ఒక్కొక్కల్లతోని విడిగ మాట్లాడ్తదట. పరీక్ష ఎవలికో వాళ్లొక్కలే రావాలె."

"ఇన్నవా?" బుచ్చవ్వ కోడలికి దారి విడిచింది. "పో. మీ బాపును గా దవాఖానకే పంపుత. అటునుంచి అటే పోవుడు. మళ్ల గీ గడప తొక్కకు."

బాలలక్ష్మి చెంబుతో నీళ్లు తెచ్చి తారాబాయికి ఇచ్చింది. తారాబాయి తాగి, చెంబు తిరిగిచ్చి, ఎవరి వైపూ చూడకుండా బస్టాపు వైపు నడిచింది. బాలలక్ష్మి చెంబు అరుగు మీద పెట్టి మూట చంకన పెట్టుకుంది.

"పోతున్న పెద్దత్తా," అంది. ఆమె గొంతులో కోపం లేదు.

శంకరవ్వ చాట పక్కకు జరిపి లేచింది. ఒళ్లోని తంబాకు దులుపుకుంది. కోడలి చంకలోంచి మూట లాక్కుని లోపలి గదిలో పెట్టి వచ్చింది.

"నువ్వెందుకే లేసినవు?" అంది బుచ్చవ్వ. "తోడు వద్దన్నది గదా!"

శంకరవ్వ తారాబాయి వెనక ఒక్కతే వెళ్లిపోయింది.