ముళ్లపంది కొరికే సిలువ

సిలువకు మళ్లీ ఓ చెయ్యి పోయింది.

ఇన్నయ్య తల పట్టుకుని సమాధుల దొడ్లోనే కూలబడ్డాడు. మన్నులో రెండు ముళ్లపంది ముళ్లు, చుట్టూ కొరికిన చెక్కపొట్టు.

"పక్కన ఇన్ని సిలువలున్నాయి గదా, దీని మీదే ఏంది సాయిబన్నా దాని కక్ష?"

బండి ఆపి వచ్చిన ఇమాం సాహెబ్ వంగి చూశాడు.

"అది ఊరికే కొరకదు ఇన్నయ్యా. ఉప్పంటే పడి చస్తది. మనిషి చెమట పట్టిన చెక్కయితే మరీను. నా బండి కాడి కూడా అట్టాగే కొరికింది."

"చచ్చినోడి సిలువకి చెమటేందన్నా? నేను తప్ప దీని మొహం చూసే దిక్కే లేదు."

పట్టపగలే ఇన్నయ్య బెదురుగా చుట్టూ చూశాడు.

ఆ సమాధిలో ఉన్నవాడి ఊరూ పేరూ ఎవరికీ తెలియదు. పోయినేడు వాగు పొంగి ఇన్నయ్య కొట్టుకుపోతుంటే, దారిన పోయే కుర్రాడొకడు దూకాడు. ఇన్నయ్యను ఒడ్డుకు నెట్టి తాను మునిగిపోయాడు. గట్టు మీద వానకు తడిసిన ఖాళీ గోతాం ఒక్కటే మిగిలింది.

యుద్ధం ఇంకా నడుస్తున్న రోజులవి. పొట్ట చేతపట్టుకుని ఊళ్లు తిరిగేవాళ్లెందరో, ఎవరిని అడిగినా ఏం తెలుస్తుంది?

"వాళ్లమ్మ ఎప్పుడో వెతుక్కుంటా రాకపోదు. ఆనవాలుండాలి గదా. ఆయమ్మ కనపడితే కాళ్ల మీద పడాలి నేను" అనేవాడు ఇన్నయ్య, రోజూ.

అందుకే ఆ సిలువంటే అతనికి ప్రాణం. చుట్టూ కంప కట్టాడు. వేపనూనె పూశాడు. కారం నూరి పట్టించాడు. చివరికి టేకుతో కొత్తది చేసి పాతాడు. కంపలోంచి దూరి మరీ దాన్నీ కొరికింది, పాడు ముండాకొడుకు జంతువు!

"సిలువకి చెమట పడతందంట" అని పాలెమంతా గుసగుసలు.

ఆ సాయంత్రం అన్నం పెడుతూ భార్య కృపామణి గొంతు తగ్గించింది.

"ఏమయ్యా, ఆ ఉప్పమ్మే ముసలామె మీద నాకు అనుమానంగా ఉంది."

"ఏం జేసింది?"

"వారం వారం వస్తది. అడక్కుండానే దోసెడు కొసరు పోస్తది. 'మీ ఆయన బాగున్నాడా? కడుపునిండా తింటన్నాడా?' అని అడుగుద్ది. ఎక్కడి మనిషో, నీ ఊసు దానికెందుకు చెప్పు? మొదటిసారి వచ్చినప్పుడు వాగు సంగతంతా గుచ్చి గుచ్చి అడిగింది."

"అడిగితే?"

"ఊళ్లోంచి పోతా పోతా సమాధుల దొడ్డి వైపు తిరుగుద్దంట. నాకు వొళ్లు జలదరిస్తందయ్యా."

మరుసటి వారం ఇన్నయ్య గోడ చాటున కాచుకున్నాడు.

మిట్టమధ్యాహ్నం. దొడ్లో పురుగు కూడా కదలడం లేదు. ముసలామె వచ్చింది. గంప దించింది. రెండు చేతులతో సిలువను పట్టుకుని, నుదురు ఆనించి, ఏదో గొణుగుతోంది. ఎండలో ఆమె చేతుల నిండా తెల్లగా ఉప్పు మెరుస్తోంది.

ఇన్నయ్య ఒక్క దూకు దూకాడు.

"ఏయ్! ఉప్పు పూసి జంతువుల్ని పిలుస్తన్నావా? మంత్రాలు చదువుతన్నావా? ఆ పిల్లోడు నీకేం అన్యాయం చేశాడే!"

ఆమె తిరిగింది. బెదరలేదు.

"నువ్వేనా ఇన్నయ్యంటే?"

"నేనే. అయితే ఏంది?"

ఆమె అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. చెంప నిమరబోయినట్టు చెయ్యి చాపింది. ఇన్నయ్య చటుక్కున వెనక్కి జరిగాడు.

"చల్లగా ఉండు నాయనా" అని ఆమె గంప ఎత్తుకుంది.

"మళ్లీ ఈ దొడ్లో కాలు పెట్టావంటే మర్యాదగా ఉండదు!"

"రాన్లే."

అన్నట్టే మళ్లీ రాలేదు. ముళ్లపందీ రాలేదు. టేకు సిలువకి ఆ తర్వాత ఇంకో గాటు పడలేదు.

"చూశావా సాయిబన్నా, దెబ్బకి వదిలింది పీడ!" అని ఇన్నయ్య ఊరంతా చెప్పుకుని మురిసిపోయాడు.

వానలు మొదలయ్యాయి. దూడ వణుకుతోందని కృపామణి అటక మీద దాచిన ఆ కుర్రాడి గోతాం తీసి దాని వీపున కప్పింది.

"ఏమయ్యా, ఇట్రా! ఈ దూడ చూడు, గోతాం కుట్టు వదలకుండా చప్పరిస్తంది. తల్లి పొదుగనుకుందో ఏందో!"

ఇన్నయ్య పకపకా నవ్వాడు. నవ్వుతూనే ఆగిపోయాడు. దగ్గరికెళ్లి గోతాం మూల లాక్కుని నాలుక మీద పెట్టుకున్నాడు.

ఉప్పు.

వానలోనే దారిలోకి పరుగెత్తాడు. దారి ఆ కొసదాకా ఖాళీగా ఉంది.

కొడుకు ప్రాణమిచ్చి బతికించిన మనిషి కడుపునిండా తింటున్నాడో లేదోనని వారం వారం వచ్చి కనుక్కున్న తల్లిని, ఎవరి కాళ్ల మీద పడాలని ఏడాదిగా ఎదురుచూశాడో ఆ తల్లిని, తన నోటితోనే తరిమేశాడు ఇన్నయ్య.