ఒకే ఒక్క పచ్చ బటన్

"ఇందులో ఉల్లిపాయలు ఎక్కడున్నాయో చూసి నొక్కక్కా," అన్నాడు శ్యాంప్రసాద్.

సుబ్బాయమ్మ తడిచేయి చున్నీకి తుడుచుకుంది. వంటగట్టు మీదున్న ట్యాబ్ వైపు భయంభయంగా చూసింది. వేలు ముందుకు చాపి వెనక్కి తీసుకుంది. చివరికి ఎక్కడో నొక్కింది. తెర నల్లగా అయిపోయింది.

"ఈ పలక నాకు అచ్చిరాదండి బాబుగారూ," అంది.

శ్యాంప్రసాద్ ఉసూరుమన్నాడు.

అతను వెబ్‌సైట్లు డిజైన్ చేస్తాడు. దుబాయ్‌లో ఓ చిన్న కంపెనీలో చేరాడు గానీ ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. ఇంటి సరుకులు ఆన్‌లైన్‌లో అమ్మే సైటు పెట్టాలని ఆ కంపెనీ యజమాని రాజశేఖర్ సంకల్పం. ఆఫీసులో ఆయన్ని అందరూ ముదీర్ అంటారు, అరబ్బీలో పెద్దసారు అని. పరీక్ష కూడా ముదీర్‌గారే పెట్టారు.

"చదువుకున్నవాడి కోసం సైటు ఎవడైనా చేస్తాడయ్యా. మా వంటమనిషి సుబ్బాయమ్మకి అక్షరం ముక్క రాదు. శుక్రవారం లోపు తనంతట తను మా ఇంటి సరుకులు ఆర్డర్ పెట్టిందా, నువ్వు పర్మనెంట్. లేదంటే ఖలాస్!"

ఆయన నవ్వుతూనే అన్నాడు. శ్యాంప్రసాద్‌కి నవ్వు రాలేదు. షార్జాలో, ఇంకో కుటుంబంతో పంచుకున్న ఫ్లాట్‌లో, అతని భార్య విజయదుర్గకి నెలలు నిండాయి. ఉద్యోగం పోతే వీసా పోతుంది, ఆసుపత్రి ఇన్సూరెన్స్ పోతుంది. ఇండియా పంపిద్దామంటే ఈ స్థితిలో ఆమెను విమానం ఎక్కనివ్వరు.

ముదీర్ భార్య శ్యామలాదేవికి అతనికన్నా తొందరగా ఉంది.

"త్వరగా నేర్పు బాబూ. దీన్ని కొట్టుకి పంపితే అరగంటకి గానీ రాదు. ఈలోగా ఇక్కడ పనంతా ఆగిపోతుంది."

"ఇంక మీకా బాధ ఉండదు మేడమ్," అన్నాడు. సుబ్బాయమ్మ వైపు తిరిగి, "నీకూ ఎండలో నడిచే బాధ తప్పుతుందక్కా," అన్నాడు.

"మీరు సల్లగుండాలండి," అంది సుబ్బాయమ్మ, గిన్నె తోముతూనే.

"నీకు ఫోన్ లేదా అక్కా?"

"ఉందండి. అమ్మగారి బీరువాలో ఉంటదండి."

ఓహో, తెర ముట్టుకునే అలవాటు లేదన్నమాట, అనుకున్నాడు. ఆ రోజే లాగిన్ పీకేశాడు. పాస్‌వర్డ్ అడగడం మానేశాడు. అక్షరాలు తీసేసి బొమ్మలు పెట్టాడు. పాలసీసా, ఉల్లిపాయ, కొత్తిమీర కట్ట.

మర్నాడు ఆ ఇంటికి పాలకు బదులు పిల్లి మేత వచ్చింది. ఆ ఇంట్లో పిల్లి లేదు.

"పిల్లి పాలు తాగుద్ది కదండీ, అందుకని నొక్కానండి," అంది సుబ్బాయమ్మ.

బొమ్మలు తీసేసి మైకు పెట్టాడు. "నోటితో చెప్పక్కా, చాలు. ఉల్లిపాయలు అను."

"ఎవరితో అనాలండి?"

"దాంతోనే."

ఆమె చున్నీ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సిగ్గేత్తందండి," అంది చివరికి.

ఇక మిగిలింది ఒకటే దారి. సైటులో ఉన్నదంతా ఊడ్చేశాడు. తెల్లటి తెర, దాని మీద అరచేయంత పచ్చ బటన్. నొక్కితే రోజూ వాడే సరుకులన్నీ వాటంతటవే వస్తాయి. ఆ రాత్రి ఫ్లాట్‌లో పక్కగదివాళ్ళ పసిపిల్ల పాక్కుంటూ వచ్చి ఆ బటన్ నొక్కింది. శ్యాంప్రసాద్ ఆ పిల్లను ఎత్తుకుని ముద్దాడాడు.

శుక్రవారం వచ్చింది. ముదీర్ దంపతులు లోపలినుంచి వచ్చేలోపు వంటగదిలో ఇద్దరే ఉన్నారు. అతను నిజంగానే చేతులు జోడించాడు.

"అక్కా, నా భార్యకి ఇవాళో రేపో అన్నట్టుంది. నువ్వు ఒక్కసారి నొక్కితే మేం బతికిపోతాం. నీ కాళ్ళు పట్టుకుంటాను."

సుబ్బాయమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గబుక్కున గోడవైపు తిరిగింది. "నన్ను తిట్టుకోకండి బాబుగారూ. నా వల్ల అవదండి," అంది.

నేర్చుకోలేకపోయానని ఏడుస్తోంది పాపం, అనుకున్నాడు. జాలేసింది. తల గోడకేసి కొట్టుకోవాలనీ అనిపించింది.

అందరూ చూస్తుండగా సుబ్బాయమ్మ వేలు తెర మీద గాల్లో తిరిగింది. పచ్చ బటన్ దాకా వచ్చింది. అక్కణ్ణుంచి పక్కకి జరిగి, ట్యాబ్ అంచున ఉన్న స్విచ్ నొక్కింది. ట్యాబ్ ఆరిపోయింది.

"ఈమె నొక్కలేని సైటు ఊళ్ళో ఎవరు నొక్కుతారయ్యా? ఖలాస్," అన్నాడు ముదీర్. కంపెనీ ఫోన్ అక్కడికక్కడే తీసేసుకున్నాడు.

శ్యామలాదేవి ట్యాబ్‌ని అలమరలో పడేసి సుబ్బాయమ్మ చేతికి సంచీ ఇచ్చింది. "నీకు నేర్పడం బ్రహ్మతరం కాదు. పో, కొట్టుకే పో. తొందరగా వచ్చి ఏడువు."

శ్యాంప్రసాద్ గేటు బయటికి వచ్చి గోడ నీడలో కూలబడ్డాడు. విజయదుర్గకి ఏమని చెప్పాలి? కడుపుతో ఉన్న మనిషికి ఎలా చెప్పాలి? కాసేపు మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చున్నాడు. చెప్పక తప్పదు కదా అని లేచి, వీధి మలుపులో ఉన్న కిరాణా కొట్టుకు నడిచాడు. కొట్టు నడిపే షాహుల్ నెల్లూరివాడు.

"భాయ్, నా దగ్గర ఫోన్ లేదు. ఇంటికి ఒక్క ఫోన్ చేసుకోవాలి. మీది ఇస్తారా?"

షాహుల్ అతని మొహం చూసి ముందు నీళ్ళసీసా చేతికిచ్చాడు.

"ఇస్తా భాయ్, కాస్త ఆగండి. ఈ టైమ్‌లో నా ఫోన్ రోజూ ఒకామె దగ్గరుంటది," అని పక్కసందు వైపు చూపించాడు.

శ్యాంప్రసాద్ తొంగిచూశాడు.

అక్కడ, తిరగేసిన పళ్ళబుట్ట మీద కూర్చుని, షాహుల్ ఫోన్‌లో బొటనవేలితో చకచకా నొక్కి వీడియో కలిపేసిన సుబ్బాయమ్మ, తెరలో ఏడుస్తున్న చిన్నపిల్లతో, "ఏడవకే నా తల్లీ, ఆ పలక పీడ ఇయ్యాళతో వదిలిపోయింది, రేపూ నన్ను కొట్టుకి పంపుతారు, రేపూ నీతో మాటాడతాను" అంటోంది.